డిపాజిట్ మీద తీసుకున్న తొలి క్రెడిట్ కార్డు: 14 నెలల వాడకం తర్వాత

విశాఖపట్నం మద్దిలపాలెంలో జిరాక్సు, డీటీపీ దుకాణం నడుపుకొంటున్న నాకు నిరుడు కొత్త యంత్రం కొనడానికి రుణం కావలసి వచ్చింది. దుకాణం అద్దె ఏనాడూ బాకీ పెట్టలేదు, వీధిలో వేసిన చీటీల వాయిదాలు తొమ్మిదేళ్లుగా ఒక్కటీ తప్పలేదు. అయినా దరఖాస్తు చూసిన ఉద్యోగి అప్పుల చరిత్రను నమోదు చేసే సిబిల్ సంస్థ ఇచ్చిన నా నివేదికలో స్కోరు ఉండవలసిన చోట ‘-1’ చూపించి, "ఎప్పుడూ అప్పే చేయనివారు తీరుస్తారో లేదో మాకెలా తెలుస్తుందండీ?" అని అడిగారు. మైనస్ అనగానే ఏదో మచ్చ పడిందని కంగారుపడ్డాను కానీ, స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుందనీ, అసలు చరిత్రే లేనివారికి ఇలా వస్తుందనీ తర్వాత తెలిసింది. మనం ఎంత నికార్సుగా కట్టినా వీధి చీటీ సంగతి ఆ నివేదికకు ఎక్కదు.

జీతం చీటీ లేని నాలాంటివారికి మామూలు క్రెడిట్ కార్డు దొరకడం కష్టం కనుక ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకున్నాను. ద్వారకానగర్‌లోని ఒక బ్యాంకు శాఖలో రూ. 20,000 డిపాజిట్ చేస్తే రూ. 18,000 లిమిట్‌తో కార్డు ఇచ్చారు. డిపాజిట్‌కు వచ్చే వడ్డీ యథాప్రకారం వస్తూనే ఉంటుంది. కాకపోతే ఆ సొమ్మును బ్యాంకు తాకట్టుగా పట్టి ఉంచుతుంది కనుక, కార్డు మూసేదాకా విడిపించుకోలేము. ఆదాయపు పన్ను కాగితాలు అడగలేదు, కార్డు తొమ్మిది రోజుల్లో ఇంటికి వచ్చింది. అంతవరకు సేవ బాగానే ఉంది.

చిక్కంతా మొదటి బిల్లుతో వచ్చింది. బిల్లు రూ. 4,860. గడువు నాడు ఖాతా నుంచి దానంతట అదే కట్ అయ్యేలా ఆటో డెబిట్ పెట్టించుకున్నాను కనుక నిశ్చింతగా ఉన్నాను. నాలుగు రోజుల తర్వాత పాస్‌బుక్ ప్రింటు వేయిస్తే కట్ అయినది రూ. 243 మాత్రమే. బిల్లులో 5 శాతమైన ‘కనీస చెల్లింపు’ అది. మిగతా రూ. 4,617 వెంటనే కట్టినా, తర్వాతి బిల్లులో రూ. 231 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి రూ. 272 పడింది. శాఖకు వెళ్లి అడిగితే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నా దరఖాస్తు తీసి, ‘మొత్తం బాకీ’, ‘కనీస చెల్లింపు’ అన్న రెండు గడుల్లో రెండోదాని మీద ఉన్న టిక్కు చూపించి, "మీ సంతకం ఉంది కదా సార్" అన్నది. ఆ గడులు నేను ఖాళీగా వదిలినట్టే గుర్తు. రోజుకు వందల కాగితాలు జిరాక్సు తీసే నేను నా దరఖాస్తుకు మాత్రం తీసుకోలేదు, ఇక ఏమని వాదిస్తాను? అక్కడికక్కడే ‘మొత్తం బాకీ’కి మార్పించుకున్నాను; ఈసారి నకలు తెచ్చుకున్నాను.

కనీస చెల్లింపు కడితే ఆలస్య రుసుము పడదు, నివేదికలో బకాయిదారుగా పేరు ఎక్కదు, నిజమే. అయితే మిగిలిన బాకీ మీద కొన్న రోజు నుంచీ వడ్డీ లెక్కిస్తారు. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు వర్తించదు. నా కార్డు మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం. ‘శాతం’ అంటే మన చెవికి ఆనదు గానీ, నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అని చెప్పి చూడండి. బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడని తెలిస్తేనే మన ఇళ్లలో పెద్దవాళ్లు గుండెలు బాదుకుంటారు. ఏటీఎంలో ఈ కార్డుతో నగదు తీస్తే ఆ క్షణం నుంచే ఇదే వడ్డీ, పైన రుసుము అదనం. అందుకని ఈ కార్డుకు నగదు పిన్ నేను పెట్టుకోనే లేదు.

ఇప్పుడు దీన్ని మూడు పనులకే వాడుతున్నాను: ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు, కాగితం రీములు, టోనరు. ఎలాగూ పెట్టక తప్పని ఖర్చులు ఇవి. డబ్బు ఖాతాలో ఉన్నాకే కార్డు తీస్తాను. రూపే కార్డు కావడంతో యూపీఐకి కలుపుకొని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టవచ్చు. అయితే పూర్ణా మార్కెట్ వైపు నేను కాగితం కొనే టోకు దుకాణదారు, రెండు వేలు దాటితే తనకు కమిషన్ పడుతుందని ఒప్పుకోరు. వ్యాపారిగా ఆయన బాధ నాకు అర్థమవుతుంది కనుక, రెండు వేలు దాటినప్పుడు అక్కడ నగదే ఇస్తున్నాను.

లిమిట్‌లో 30 శాతం దాటకుండా వాడితే స్కోరుకు మంచిదని చెబుతారు. నా లెక్కలో అది రూ. 5,400. పరీక్షల రోజుల్లో విద్యార్థుల రద్దీకి ఒకసారి రూ. 12,000 దాకా వెళ్లింది, బిల్లు కోసం ఆగకుండా మర్నాడే యాప్‌లో కట్టేశాను. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు క్రెడిట్ సమాచారాన్ని పక్షానికొకసారి పంపడం మొదలుపెట్టాయి కనుక, వాడకం ఎక్కువైనప్పుడు ఇలా ముందే తగ్గించుకోవడం మేలనిపించింది.

ఏడో నెలలో నివేదిక తీసి చూస్తే ‘-1’ పోయి 738 కనిపించింది. ఇందుకు డబ్బు కట్టనక్కర లేదు. దేశంలోని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికొక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. అన్నీ ఒకే రోజు తీయకుండా మూడు నెలలకొకటి చొప్పున చూసుకుంటున్నాను. ఒకదానిలో నా పాత చిరునామా తప్పుగా ఉంటే వారి వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టి సరిచేయించుకున్నాను.

కార్డుకు ఐదుకు నాలుగు, శాఖ సేవకు రెండున్నర ఇస్తాను. రివార్డు పాయింట్లు ఉన్నాయంటే ఉన్నాయి, 14 నెలలకు ఒక టిఫిన్ ఖర్చు కూడా రాలేదు. వార్షిక రుసుము రూ. 499, మొదటి ఏడాదికి లేదు, రెండో ఏడాది పడింది. నచ్చకపోతే మానేయడానికీ దారి ఉంది: బాకీ అంతా తీర్చి మూసేయమని అడిగాక 7 పనిదినాల్లో మూయకపోతే రోజుకు రూ. 500 చొప్పున బ్యాంకే మనకు కట్టాలని రిజర్వ్ బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. నేను మాత్రం ఇప్పుడే మూయడం లేదు. యంత్రం రుణానికి వచ్చే నెల మళ్లీ దరఖాస్తు పెడుతున్నాను, ఈసారి ప్రతి పేజీకీ జిరాక్సు తీసుకున్నాకే ఇస్తాను.