లైక్రా గురుత్వ కిట్: కక్ష్యల కోసం కాదు, గురుత్వ మార్పు చేరడంలో ఆలస్యం చూపడానికైతే కొనొచ్చు

రింగుకు బిగించిన సాగే గుడ్డ, నడుమ బరువు, చుట్టూ గోళీలు. స్థలకాలం (స్థలం, కాలం కలిసిన అల్లిక) వంగడమే గురుత్వమన్నాడు ఐన్‌స్టీన్; ఆ వంగడమంటే ఇదేనని అమ్మే కిట్ ఇది. 1.2 మీటర్ల రింగు, ఆరు కాళ్లు, 24 క్లిప్పులు, కిలో బరువు వస్తాయి.

క్లిప్పులు వరసగా పెట్టుకుంటూ పోతే గుడ్డ ఒక పక్కకు లాగేస్తుంది. ఎదురెదురు జతలుగా పెట్టాలి. లైక్రా ఒక దిక్కున ఎక్కువ సాగుతుంది కాబట్టి అటు ఇంకాస్త లాగాలి, లేకపోతే గుంట కోలగా వచ్చి గోళీ ప్రతి చుట్టుకూ దారి మారుస్తుంది. (బుధుడి కక్ష్యే మెల్లగా తిరగడం ఇలాగేనని ఎవరైనా చెబితే నమ్మకండి. అందులో న్యూటన్ లెక్కకు అందనిది శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లే, అంటే డిగ్రీలో వందో వంతుకు కాస్త పైన; ఇది బిగింపులో తప్పు.) రింగు మీద రసమట్టం పెట్టి కాళ్లు సరిచేయండి. బరువును రాత్రంతా వదిలేస్తే గుడ్డ సాగిపోతుంది.

కక్ష్యల విషయంలో కిట్ బలహీనం. దూరం రెట్టింపైతే గుంట వాలు సుమారు సగమవుతుంది. న్యూటన్ లెక్కకు నాలుగో వంతు కావాలి. అందుకే లోపలి గోళీ, బయటి గోళీ దాదాపు ఒకే వేగంతో తిరుగుతాయి. బుధుడి వేగం సెకనుకు 47 కిలోమీటర్లు, భూమిది 30. పైగా గోళీని గుంటలోకి లాగేది కింద ఉన్న భూమే. చేతిలోంచి జారిన వస్తువు పడేది ప్రధానంగా కాలం వంగడం (కిందికి వెళ్లేకొద్దీ గడియారం నిదానించడం) వల్ల. గుడ్డ మీద కాలం ఊసే లేదు.

గురుత్వంలో మార్పు దూరానికి చేరడానికి పట్టే ఆలస్యం చూపడంలో మాత్రం దీనికి సాటి లేదు. గుడ్డ నడుమ ఒక గోళీని కింది నుంచి మూటగట్టి, దారంతో బరువు వేలాడదీయండి. అంచు దగ్గర చిన్న పూస పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీస్తూ దారం కత్తిరించండి; బరువు కింద స్పాంజి మరవొద్దు. చదరపు మీటరుకు 200 గ్రాముల గుడ్డను మీటరుకు 20 న్యూటన్ల బిగువుతో పెడితే అల వేగం సెకనుకు 10 మీటర్లు. అంటే అంచుకు వార్త చేరేసరికి 14 ఫ్రేములు. న్యూటన్ సూత్రంలో ఈ ఆలస్యానికి చోటే లేదు. సూర్యుడు ఉన్నట్టుండి మాయమవడాన్ని ఐన్‌స్టీన్ సమీకరణాలు ఒప్పుకోవు గానీ, అక్కడి మార్పు ఏదైనా మనకు తెలియడానికి 8 నిమిషాలు దాటాలి.

మరి భూమి సూర్యుడి పాత చోటు వైపు లాగబడాలి కదా? ఈ ఆలోచనతోనే ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1805లో గురుత్వ వేగం కాంతికి కనీసం 70 లక్షల రెట్లు ఉండాలన్నాడు. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో వేగాన్ని బట్టి వచ్చే అదనపు పదాలు ఆ తేడాను దాదాపు పూర్తిగా కొట్టేస్తాయి. దీనికీ కిట్ పనికొస్తుంది: బరువును దారంతో నిదానంగా, సమవేగంతో జరిపితే గుంట దాని వెంటే వస్తుంది, గోళీ ఇప్పటి చోటు వైపే దొర్లుతుంది. చటుక్కున ఆపితే అల లేస్తుంది.

ఒక్క హెచ్చరిక. గుడ్డ బిగిస్తే అల వేగం పెరుగుతుంది, గురుత్వ తరంగాలది (స్థలకాలంలో లేచే అలలది) అలా కాదు. 2017 ఆగస్టు 17న నమోదైన న్యూట్రాన్ తారల ఢీలో అవి సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు దాటి వచ్చాయి. అదే ఢీలో పుట్టిన గామా కిరణాలు (ఒక రకం కాంతి) 1.7 సెకన్ల తర్వాత అందాయి. అంటే గురుత్వ తరంగాల వేగం, కాంతి వేగం దాదాపు ఒకటే. కిట్‌తో వచ్చే కరపత్రంలో ఈ మాట లేకపోతే చేత్తో రాసి అంటించండి.