స్లీవా, బైపాసా, మినీనా, వారం వారం సూదులా: మా సీమోళ్ళకు ఏది మేలు?

బరువు తగ్గడానికి కడుపుకు చేసే ఆపరేషన్లలో స్లీవ్ మేలా బైపాస్ మేలా అని నన్ను అడిగేవాళ్ళు ఈమధ్య శానా ఎక్కువైపోయినారు. ఎవరు అడిగినా మొదటి మాట ఒకటే, ఎన్ని కిలోలు తగ్గినావక్కా అని. నేను మాత్రం తిరిగి మూడు అడుగుతా. రాత్రి పడుకుంటే గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు వస్తాయా? షుగరుందా, ఉంటే ఎన్నేండ్ల నుంచి? మాత్రలు రోజూ మర్చిపోకుండా వేసుకునే రకమా, కాదా? ఈ మూడూ తేలితే ఏ ఆపరేషన్ అనేది సగం తేలిపోయినట్టే, కిలోల లెక్క ఆ తర్వాత చూసుకోవచ్చు.

నాది స్లీవ్. మా పెద్దమ్మ కొడుకు, ధర్మవరంలో చీరల అంగడి పెట్టుకున్నాడు, ఆయనది బైపాస్. ఇద్దరమూ అనంతపురం నుంచి బెంగళూరు పోయి వేరువేరు డాక్టర్ల దగ్గర చేయించుకున్నాం, కాబట్టి మా ఇంట్లో ఏ పండగొచ్చినా రెండు ఆపరేషన్లూ పక్కపక్కనే కూర్చొని తింటాంటాయి. నేనేం డాక్టర్ను కాదప్పా, ఇది చదివి మీరు డాక్టర్ను గట్టిగా నాలుగు ప్రశ్నలు అడగగలిగితే చాలు.

లోపల ఏం చేస్తారో ముందు చెప్పేస్తా. స్లీవ్‌లో కడుపును నిలువుగా కోసి 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు, అరటిపండు లాంటి సన్న గొట్టం మిగుల్తుంది, పేగుల జోలికి పోరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువ తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే, అందుకే మొదట్లో ఆకలే గుర్తుండదు, గడియారం చూసుకొని తినాల్సి వస్తుంది. తీసేసింది మళ్ళీ రాదు. బైపాస్‌లో కడుపు పైభాగాన సుమారు 30 ఎం.ఎల్. పట్టేంత చిన్న సంచి చేసి, చిన్నపేగును కోసి ఆ సంచికి కలుపుతారు. మిగతా కడుపంతా లోపలే ఉంటుంది, తిండి మాత్రం దాంట్లోకి పోదు, దాని తర్వాత ఉండే డ్యుయోడినంలోకీ (చిన్నపేగు మొదటి భాగం) పోదు. ఐరను, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది ఆ డ్యుయోడినం చుట్టుపక్కలే కాబట్టి బైపాస్ వాళ్ళకు రోజూ వేసుకునే ఐరను, కాల్షియం మాత్రల డబ్బా పెద్దది. ఆ మిగిలిన కడుపులోకి తర్వాత ఎప్పుడైనా మామూలు ఎండోస్కోపీతో (నోట్లో నుంచి కెమెరా గొట్టం దింపి) చూడాలన్నా కుదరదు, ఇది శానామంది ముందు అడగరు.

కిలోల సంగతి కూడా చెప్పాల్సిందే కదా. మొత్తం బరువులో స్లీవ్‌తో సుమారు 25 శాతం, బైపాస్‌తో 30 శాతం దాకా పోతుందని లెక్క, అంటే 110 కిలోల మనిషికి రెండింటికీ మధ్య తేడా ఐదారు కిలోలు. ఈ ఐదారు కిలోల కోసం కొట్లాడుకునేది అనవసరం అని నేనెందుకంటానంటే, ఫిన్లాండులో స్లీవ్‌పాస్ అని ఒక అధ్యయనం చేసినారు, 240 మందిని తీసుకొని సగం మందికి ఇదీ సగం మందికి అదీ చేసి పదేండ్లు వెంటపడి చూసినారు. 2022లో వచ్చిన ఫలితాల్లో, ఉండాల్సినదానికంటే ఎక్కువున్న బరువులో స్లీవ్ వాళ్ళకు 43.5 శాతం, బైపాస్ వాళ్ళకు 50.7 శాతం తగ్గింది. అందరూ ఈ అంకె చూస్తారు. నేను చూసింది దాని కింద ఉన్నది: ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక యాసిడ్‌తో ఒరుసుకుపోయి కనపడింది స్లీవ్ వాళ్ళలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్ళలో 7 శాతం మందికే.

గుండెల్లో మంట ఇప్పటికే ఉండేవాళ్ళకు, హయటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జరగడం) అని రిపోర్టులో రాసినవాళ్ళకు ఈ ఒక్క అంకె చాలు. స్లీవ్ తర్వాత కడుపు సన్న గొట్టం అయిపోతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, యాసిడ్ పైకే తంతుంది. బైపాస్‌లో ఆ చిన్న సంచిలో యాసిడ్ పుట్టేదే తక్కువ కాబట్టి ఉన్న మంట కూడా తగ్గుతుంది. నాకు ముందు ఎండోస్కోపీ క్లీన్‌గా వచ్చింది, మంట అనేది ఎప్పుడూ లేదు, అందుకే స్లీవ్ అన్నారు, ఇప్పటికీ అది సరైందనే అనుకుంటా. అయినా రాత్రి ఎనిమిది దాటినాక రెండు మిరపకాయ బజ్జీలు తిన్నానంటే ఆ రాత్రి దిండు మీద దిండు పెట్టుకొని కూర్చోవాల్సిందే. ముందు ఎండోస్కోపీ చేయకుండా స్లీవ్‌కు డేట్ ఇచ్చే చోటు నుంచి లేచి వచ్చేయండి, నా మాట విని.

ఇక షుగరు. ఈడ బైపాస్‌దే పైచేయి, దాంట్లో నాకు అనుమానం లేదు. పేగు దారి మారినాక హార్మోన్లు మారి, బరువు తగ్గకముందే, ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే షుగర్ దిగడం మొదలవుతుంది. మా అన్నకు పదేండ్ల పైబడిన షుగరు, ఇన్సులిన్ మీదుండేవాడు. ఇన్సులిన్ ఆగింది గానీ మాత్రలు పూర్తిగా ఆగలేదు, ఎందుకంటే షుగరు పాతదయ్యే కొద్దీ, ఇన్సులిన్ దాకా పోయినాక, పూర్తిగా పోయే అవకాశం తగ్గిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు స్లీవ్‌తో కూడా బాగానే దిగుతుంది. పూర్తిగా పోతుంది రాసిస్తా అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.

కానీ బైపాస్‌కు దాని పీడ దానికుంది, డంపింగ్ అంటారు. మా చిన్నాన్న మనవరాలి పెళ్ళిలో బక్ష్యాలు వడ్డించినారు, మా అన్న వద్దు వద్దంటానే ఒకటి నెయ్యేసుకొని తినేసినాడు. చేయి కడుక్కోడానికని పోయిన మనిషి కుళాయిల దగ్గర గోడ పట్టుకొని నిలబడిపోయినాడు, చొక్కా వీపంతా తడిసిపోయింది, గుండె దడదడా అంటాంది, చేతులు వణుకుతాండాయి. మా వదిన ఒకటే ఏడుపు, పెండ్లివాళ్ళు అంబులెన్సు అంటాండారు. నేను పోయి కారులో సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టినా. ఒక గంటకు లేచి "ఏం లేదులేమ్మా, బక్ష్యం దెబ్బ" అన్నాడు. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే ఇట్లా అవుతుంది, కొందరికి రెండు మూడు గంటల తర్వాత షుగర్ బాగా పడిపోయి ఇంకోరకంగా కండ్లు తిరుగుతాయి. స్లీవ్‌లోనూ రావచ్చు గానీ తక్కువ. తమాషా ఏందంటే మా అన్న దీన్ని లాభం కిందే లెక్కేస్తాడు, తీపి మీద భయం పుట్టింది కదా అని. నాకు ఆ భయం లేదు, అందుకే నాకు బక్ష్యం దగ్గర నోరు కట్టేసేవాళ్ళు ఎవరూ లేరు.

నొప్పి మాత్రల విషయం ఇంతకంటే పెద్దది, దీన్ని మాత్రం బాగా చదవండి. మన ఊర్లలో మోకాళ్ళు నొప్పెడితే మెడికల్ షాపుకు పోయి కాళ్ళనొప్పులకు ఇవ్వప్పా అంటే డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ ఉండే స్ట్రిప్ కత్తిరించి చేతిలో పెడతారు. బైపాస్ అయినోళ్ళు అవి వేసుకోకూడదు, పేగును సంచికి కలిపిన అతుకు దగ్గర పుండు పడుతుంది, రక్తం కారొచ్చు, బెజ్జం కూడా పడొచ్చు. బీడీ సిగరెట్లు కూడా అంతే. పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఏండ్ల తరబడి బరువు మోసి మోకాళ్ళు అరిగిపోయి, నొప్పి మాత్ర లేకుండా పొద్దు గడవని మనిషికి ఈ ఒక్క కారణం మీదనే స్లీవ్ గురించి ఆలోచించాలని నేనంటా, ఒకవేళ మంట లేకపోతే.

మినీ బైపాస్ అని ఇంకోటి, మన దేశంలో ఇది బాగానే చేస్తాండారు. 1997లో అమెరికాలో రట్లెడ్జ్ అనే సర్జన్ మొదలుపెట్టినాడు. మామూలు బైపాస్‌లో పేగుకు వేసే రెండు అతుకుల బదులు ఒకటే అతుకు, ఆపరేషన్ టైము తక్కువ, బరువు, షుగరు బాగా తగ్గుతాయి. మరి ఇబ్బందేందంటే తిండి పోకుండా పేగును ఎంత పొడుగు వదిలేస్తారో దాన్ని బట్టి ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. ఫ్రాన్స్‌లో 200 సెంటీమీటర్లు వదిలి మామూలు బైపాస్‌తో పోల్చి చూసినారు, 2019లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది, బరువు తగ్గడంలో ఏం తక్కువ లేదు గానీ పోషకాల లోపాలు, విరేచనాలు దీంట్లో ఎక్కువ. పైత్యరసం పైకి తన్నే ఇబ్బంది కూడా ఉంది. మా వీధిలో ఒకామె, గుడ్డు కూడా ముట్టని ఇల్లు, మినీ చేయించుకుంటానంటే, పప్పు మజ్జిగల మీద ప్రోటీను ఎట్లా లాగుతావు తల్లీ, డాక్టర్ను ఎన్ని సెంటీమీటర్లు వదుల్తారో అడుగు అని చెప్పినా.

కడుపులో పెట్టే బెలూన్ ఆర్నెల్లకు తీసేస్తారు, తీసినాక బరువు తిరిగొచ్చేస్తుంది శానామందికి. కడుపు చుట్టూ బిగించే బ్యాండ్ అనేది ఇప్పుడు ఎవరూ పెద్దగా వేయడం లేదు. కొవ్వు పీల్చేసే లైపోసక్షన్‌కు దీనికి సంబంధమే లేదు, అది ఆకారం దిద్దేది.

వారానికొకటి వేసుకునే బరువు తగ్గించే సూదుల సంగతి అట్ల కొట్టిపారేసేది కాదు. మౌంజారో (దీంట్లో మందు టిర్జెపటైడ్) 2025 మార్చిలో, వెగోవీ (దీంట్లో సెమాగ్లుటైడ్) అదే ఏడాది జూన్‌లో మన దేశానికి వచ్చినాయి. సెమాగ్లుటైడ్‌తో సుమారు 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 20 శాతం పైన తగ్గినట్టు ట్రయల్స్‌లో తేలింది, అంటే టిర్జెపటైడ్ స్లీవ్‌కు దగ్గరికొచ్చేసింది. కోత లేదు, మత్తు లేదు. కానీ సెమాగ్లుటైడ్ ఆపినవాళ్ళకు ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. కాబట్టి దాన్ని బీపీ మాత్ర మాదిరి ఏండ్ల తరబడి నడిపే స్తోమత ఉందా అనేది చూసుకోవాల. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతో చెప్పే లెక్క) 30 చిల్లర ఉండేవాళ్ళు కత్తి దాకా పోకముందు ఒకసారి దీని గురించి డాక్టర్ను అడిగితే మంచిదే. బీఎంఐ 45 ఉండి, రాత్రి నిద్రలో ఊపిరి ఆగే మనిషికి మాత్రం సూది చాలుతుందని నేననుకోను.

సరే, చేయించుకున్నాక బతుకు ఎట్లుంటుంది. ఆస్పత్రిలో రెండు మూడు రోజులే, ప్రాణం మీదికి వచ్చేది వెయ్యిలో ఒకరి లెక్క, గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కు దగ్గరదగ్గర. మొదటి వారాలు నీళ్ళు, తర్వాత జారుడు, తర్వాత మెత్తనిది. మా అనంతపురం ఏప్రిల్ ఎండలో గుటకగుటకగా నీళ్ళు తాగడమంటే ఏందో అనుభవిస్తేనే తెలుస్తుంది, చెంబెత్తి గటగటా తాగే మనుషులం మనం, తినేటప్పుడు అసలు తాగకూడదు, అరగంట ఆగాల. వీలుంటే వేసవి వదిలేసి పెట్టుకోండి. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రోటీను అంటారు, గుడ్డుకు ఆరు గ్రాములు, లెక్క మీరే కట్టుకోండి. సంగటి ముద్ద నిమ్మకాయంత అయిపోతుంది, ముందు కోడికూర ముక్క తిని తర్వాత ముద్ద ముట్టాల, మనం నేర్చుకున్నదానికి తలకిందులు.

మూడో నెల నుంచి జుట్టు ఊడుతుంది, భయపడొద్దు, వస్తుంది. రవికల చేతులు జారిపోయి టైలరమ్మ దగ్గర కుట్లు బిగించుకుంటా ఉండటమే పని, చర్మం మాత్రం బిగించేవాళ్ళు లేరు, అది వేలాడుతుంది. బజారులో కనపడినవాళ్ళంతా "ఏమక్కా ఇట్ల చిక్కిపోయినావు, షుగరొచ్చిందా" అంటారు, మొన్నటిదాకా లావు లావు అన్న నోర్లే ఇవి. మా అన్న ఆపరేషన్ అని చెప్పేస్తాడు, నేను వాకింగ్ అని చెప్తా. ఎవరిష్టం వాళ్ళది.

పిసిఓడి (అండాశయాల ఇబ్బందితో నెలసరి తప్పే జబ్బు) ఉండే ఆడపిల్లలకు ఒక మాట, బరువు దిగగానే నెలసరి సక్రమం అవుతుంది, గర్భం తొందరగా నిలుస్తుంది, కానీ ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలంటారు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పని చేయకపోవచ్చు, వేరే పద్ధతి అడగండి. మందు తాగే మగోళ్ళకు, బైపాస్ తర్వాత రెండు పెగ్గులు నాలుగు పెగ్గుల పని చేస్తాయి, అలవాటు ముదిరే ప్రమాదం కూడా ఎక్కువ. ఇది డాక్టరు దగ్గర దాచిపెట్టొద్దు, భార్య ముందర చెప్పలేకపోతే బయటికి పంపించి చెప్పండి.

రెండో మూడో ఏడు తర్వాత బరువు మళ్ళీ కొంత పెరగడం రెండింటిలోనూ ఉంది. మా వైపు దీనికి దారి ఉగ్గానిదే. బొరుగులు నానబెట్టి చేసేది కాబట్టి ఎంత తిన్నా కడుపులో నిలబడదు, జారిపోతుంది, కోడికూర నాలుగు ముక్కలకు నిండే కడుపు ఉగ్గాని ప్లేటుకు ప్లేటు పడుతుంది. శెనక్కాయ విత్తనాలు ఇంకో మాయ, వంద గ్రాములకు 25 గ్రాముల ప్రోటీనే గానీ 560 పైచిలుకు కేలరీలు. స్లీవ్ తర్వాత బరువు పెరిగినా, మంట ముదిరినా దాన్ని బైపాస్‌గా మార్చే దారి ఉంది, బైపాస్ తర్వాత చేయగలిగేది తక్కువ. నాకు స్లీవ్ వైపు మొగ్గు ఉందంటే ఇది కూడా కారణం.

అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు, రెండూ 210 కిలోమీటర్ల పైనే. ఆపరేషన్‌కు పోయొచ్చేది ఒకసారి, రక్తపరీక్షలకు ఫాలోఅప్‌కు పోయేది బతికినన్నాళ్ళు. బి12, ఐరను, విటమిన్ డి టెస్టులు మన ఊర్లోనే చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపితే డాక్టరు చూస్తారా అని ముందే అడిగి ఒప్పించుకోండి. చూడం, రావాల్సిందే అంటే ఆ ఖర్చు కూడా ఆపరేషన్ ఖర్చులోనే కలుపుకోవాల.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక మెలిక ఉంది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా చేయొచ్చు, ఆసియా వాళ్ళకు 27.5 నుంచే పరిశీలించొచ్చు అన్నాయి. మన పాలసీల్లో మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం 40 ఉండాల, లేదంటే 35 దాటి గుండెజబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని షుగరో ఉండాల, అంతకుముందు వేరే పద్ధతులతో తగ్గలేదని కూడా ఉండాల. 160 సెంటీమీటర్ల మనిషికి 40 అంటే 102 కిలోల పైమాట. డాక్టరు నువ్వు అర్హురాలివే అన్నాడని అడ్వాన్సు కట్టేయొద్దు, ముందు పాలసీలో ఎక్స్‌క్లూజన్ 06 అనే పేరా (బరువు చికిత్సకు ఎప్పుడు డబ్బు రాదో చెప్పేది) చదివి, వెయిటింగ్ పీరియడ్ అయిపోయిందో లేదో చూసి, అప్రూవల్ చేతికొచ్చినాకనే బెంగళూరు బస్సెక్కండి.