ఇస్క్రా బొమ్మ బాగుంది, ఇత్తడి పలక దగ్గరే తిప్పలు పడ్డాం

ముందే చెప్తున్నా, నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి సార్జెంట్‌గా రిటైరైనవాణ్ని. విమానం బొమ్మ చేతికిస్తే ముందు వంక వెతుకుతా.

హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో ఇస్క్రా అనే ట్రైనింగ్ జెట్ విమానాల మీద కలిసి పనిచేసిన మేం కొందరం ఈ మధ్య ఒకచోట కలిశాం. అప్పట్లో మాకు ఇన్‌స్ట్రక్టర్లుగా ఉన్న ఆరుగురు స్క్వాడ్రన్ లీడర్ల పేర్లతో ఒక జ్ఞాపిక చేయించాలనుకున్నాం. వాళ్ళలో నలుగురు ఇప్పుడు లేరు. అందుకే ఈ షాపులో చెక్క మోడల్ ఆర్డరిచ్చాను. పద్నాలుగు అంగుళాలది, పలకతో కలిపి రూ.8,200.

షాపులో హాక్, సుఖోయ్, సూర్యకిరణ్ రంగుల్లో కిరణ్ ఉన్నాయి. ఇస్క్రా లేదు. ఆ కుర్రాడు ఆ పేరే వినలేదన్నాడు. తప్పు పట్టను. 1975-76ల్లో పోలండ్ నుంచి 50 వచ్చాయి, 2004లో సర్వీసు నుంచి తీసేశారు. ఇస్క్రా అంటే పోలిష్‌లో నిప్పురవ్వ. హకీంపేటలో జెట్ నేర్చుకున్న ఎందరో పైలట్లు దాని ముందు సీట్లో కూర్చున్నవాళ్ళే. వెనక సీట్లో మా సార్లు.

నా దగ్గరున్న ఫోటోలు ఇచ్చాను. మొదట చేసినదాంట్లో ఇంజన్ గొట్టం తోక చివర పెట్టారు. ఇస్క్రాకి అలా ఉండదు. రెక్కలు దాటగానే పొట్ట కిందే అయిపోతుంది, దాని పైనుంచి తోక సన్నగా వెనక్కి వెళ్తుంది. దూరం నుంచి చూసినా ఇస్క్రా అని పోల్చుకునేది దాంతోనే. చెప్పగానే మారుమాట లేకుండా కొత్తది చెక్కారు, పైసా ఎక్కువ అడగలేదు. రౌండెల్, అంటే ఎయిర్‌ఫోర్స్ గుండ్రటి గుర్తు, అది కూడా సరిగ్గా వేశారు, బయట కాషాయం, మధ్యలో ఆకుపచ్చ. పెయింట్ ఎక్కడా కారలేదు.

ఇక పలక. "లీడర్ అంటే ఏ పార్టీ అంకుల్?" అని అడిగాడు చెక్కే అబ్బాయి. నవ్వి ఊరుకున్నా. పేర్ల పైన భుజం పట్టీ గుర్తు వెయ్యమంటే మూడు గీతలూ ఒకే లావుగా వేశాడు. స్క్వాడ్రన్ లీడర్‌కి మధ్య గీత సన్నగా ఉండాలి బాబూ, మూడూ సమానమైతే వింగ్ కమాండర్. ఒక్క దెబ్బతో ఆరుగురికీ ప్రమోషన్ ఇచ్చేశాడు! పైగా అడక్కుండానే నలుగురి పేర్ల ముందు 'లేట్' చేర్చాడు. అది మాత్రం చూడలేకపోయాను. ఎఫ్-700 అనే విమానం రికార్డు పుస్తకం మీద సంతకం పెట్టి విమానం తీసుకెళ్ళిన మనిషి పేరు ముందు ఆ మాట ఏంటి? తీసేయమన్నా. ఒక సార్ తర్వాత ఎయిర్ కమోడోర్ దాకా వెళ్ళారు కదా, అదే వేయించాలా అని ఇంటికి ఫోన్ చేస్తే, "మీతో ఉన్నప్పుడు ఏదో అదే వేయించండి" అన్నారు మేడమ్.

ఈ మార్పులతో పదకొండు రోజులు లేటు. ఫోన్ చేస్తే ఎత్తరు, మనమే వెళ్ళాలి. ఫంక్షన్‌కి ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. అప్పటిదాకా నా టెన్షన్ మా ఆవిణ్ణి అడగండి. ప్యాకింగ్ కూడా అంతంతమాత్రం, న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చారు. అందుకే ఒక స్టార్ తగ్గిస్తున్నా.

ఆ ఆరుగురిలో ఒక సార్ రాగలిగారు. ఎనభై దాటాయి, చేతికర్ర. బొమ్మ టేబుల్ మీద పెడితే దండ వేస్తారనుకున్నాం. ఆయన దండ పక్కన పెట్టి, ముక్కు దగ్గర మొదలుపెట్టి టేబుల్ చుట్టూ మెల్లగా తిరిగారు. సార్టీకి, అంటే ఎగరడానికి, ముందు విమానం చుట్టూ తిరిగి చూసేవారే, అచ్చం అలాగే. వంగి చక్రాలు చూశారు, తోక దగ్గరి ఎలివేటర్ రెక్కని చూపుడు వేలితో తాకారు. నా వైపు తిరిగి చెయ్యి చాపారు, "సెవెన్ హండ్రెడ్ ఏదీ?"

జేబులో ఈ షాపు బిల్లు తప్ప ఏమీ లేదు. ఇచ్చా. వెనకవైపు సంతకం పెట్టి తిరిగిచ్చారు.

మోడల్‌కి ఆరు నెలల వారంటీ ఉంది, రిపేరుకు ఒరిజినల్ బిల్లు ఇచ్చేయాలట. రెక్క ఊడిపోతే నేనే అతికించుకుంటా.