తేడాను దాచిపెట్టే బటన్: ఎనిమిదేళ్ల వాడకం తరువాత

సొంత జమాఖర్చుల పద్దులు రాసుకునే ఒక సాఫ్ట్‌వేర్‌ను 2017 నుంచి వాడుతున్నాను. బ్యాంకు ఖాతాలు, ఖర్చుల విభాగాలు, నెలవారీ పట్టికల గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు, బాగానే పనిచేస్తాయి. నేను చెప్పాలనుకున్నది పెట్టుబడుల ఖాతాలో ఎదురయ్యే ఒకే ఒక్క బటన్ గురించి. బ్రోకర్ చూపే షేర్ల సంఖ్యకూ మన పద్దుల్లో తేలిన సంఖ్యకూ పొంతన కుదరనప్పుడు తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుని "నిల్వను సర్దుబాటు చేయి" అంటుంది. నొక్కగానే ఎర్ర గుర్తు పోయి పచ్చ గుర్తు వస్తుంది. ఆ పచ్చ గుర్తును ఐదేళ్లు నమ్మాను. ఇప్పుడు దాన్ని చూస్తేనే కోపం వస్తోంది.

2020 ఆగస్టులో యాపిల్ తన ఒక్కో షేరును నాలుగుగా విభజించింది. కొత్త లెక్క ప్రకారం ట్రేడింగ్ ఆ నెల 31న మొదలైంది. నా దగ్గర అప్పటికి 40 షేర్లు ఉన్నాయి. అంతకు ముందే, 13వ తేదీన, షేరుకు 82 సెంట్ల చొప్పున డివిడెండ్ (కంపెనీ లాభాల్లో వాటా) వచ్చింది. డివిడెండ్ డబ్బుతో మళ్లీ షేర్లే కొనే ఏర్పాటు నాకు ఆ విడతతోనే మొదలైంది, 0.071 షేరు జమ అయింది. విభజన పద్దును సాఫ్ట్‌వేర్ తనంతట తానే తెచ్చుకుంది. డివిడెండ్ పద్దు మాత్రం రాలేదు. సెప్టెంబరులో స్టేట్‌మెంట్ చూసుకుని నేనే ఎక్కించాను. సాఫ్ట్‌వేర్‌లో 160.071 తేలింది, బ్రోకర్ దగ్గర 160.284 ఉంది. తేడా 0.213. బాగా పొద్దుపోయింది, పావు షేరు కూడా లేని తేడా కోసం పద్దులన్నీ తిరగేయడానికి ఓపిక లేదు. బటన్ నొక్కి పడుకున్నాను.

ఈ మధ్య కొన్ని షేర్లు అమ్ముదామని, ఏవి ఎప్పుడు ఎంతకు కొన్నానో చూపే పట్టిక తెరిచాను. అందులో ఒక వరుస ఇలా ఉంది: 2020 సెప్టెంబరు, 20.213 షేర్లు, కొన్న ధర ఖాళీ. 0.213 ఉండవలసిన చోట 20.213! కొన్న ధర తెలియకపోతే లాభం ఎంతో తేలదు, లాభం తేలకపోతే పన్ను లెక్క కుదరదు. అమ్మకం పక్కన పెట్టి, బ్యాకప్ తీసుకుని కూర్చున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది.

మొదటి కొస 0.213లోనే దొరికింది. దాన్ని మూడుతో భాగిస్తే సరిగ్గా 0.071. అంటే ఆ డివిడెండ్ ముక్క నాలుగు రెట్లు కాకుండా ఉన్నది ఉన్నట్టే మిగిలిపోయింది. పద్దు ఎక్కించేటప్పుడు తేదీ గడిలో సాఫ్ట్‌వేర్ ఆ రోజు తేదీనే నింపి పెడుతుంది, నేను మార్చలేదు. విభజనకు ముందు ఉండవలసిన పద్దు దాని తరువాత పడింది. తేదీని ఆగస్టు 13కి మార్చాను. సెప్టెంబరు నాటి మొత్తం షేర్ల సంఖ్య మాత్రం 160.284 దగ్గర ఇసుమంతైనా కదలలేదు. ధర లేని ఆ వరుస ఒక్కటే 20.213 నుంచి 20కి తగ్గింది.

బటన్ నొక్కితే పడే సర్దుబాటు పద్దు నిజంగా ఏం చేస్తుందో అప్పుడు అర్థమైంది. "0.213 కలుపు" అని అది రాసుకోలేదు. "ఈ తేదీకి మొత్తం 160.284" అని రాసుకుంది. అంతకు ముందరి పద్దుల్లో ఎంత లోటు వచ్చినా, ఎప్పుడు వచ్చినా, చప్పుడు చేయకుండా పూడ్చేస్తుంది. మిగిలిన 20 షేర్లు విభజనకు ముందరి లెక్కలో అయిదు. 2019 స్టేట్‌మెంట్లు తిరగేస్తే అయిదు షేర్ల కొనుగోలు ఒకటి కనిపించింది, సాఫ్ట్‌వేర్‌లో అది లేదు. 2022లో బ్రోకర్ ఖాతాను మళ్లీ అనుసంధానించినప్పుడు పాత పద్దులు రెండేసి వచ్చి పడ్డాయి. నకళ్లను ఏరి తీసేస్తూ ఒక చోట అసలు పద్దును కూడా తీసేసి ఉంటాను. ఆ క్షణమే ఎర్ర గుర్తు వెలిగి ఉంటే అయిదు నిమిషాల్లో సరిదిద్దుకునేదాన్ని, అంతటితో మరిచిపోయేదాన్ని. మూడేళ్లు పచ్చగానే ఉంది.

కొనుగోలును తిరిగి ఎక్కించాక ఆ వరుస సున్నా అయింది. సర్దుబాటు పద్దును తొలగించాను. మొత్తం 160.284 దగ్గరే నిలిచింది, ఈసారి ప్రతి ముక్కకూ తేదీ, ధర ఉన్నాయి.

"ఇన్నేళ్లలో ఒక్కసారీ లెక్క తప్పలేదు" అని ఈ సాఫ్ట్‌వేర్‌ను నలుగురికి చెప్పాను. ఆ మాటను కొంత సవరించుకోవాలి. నా ఖాతాలన్నీ వెతికితే ఇలాంటి సర్దుబాట్లు మొత్తం ఏడు ఉన్నాయి. బ్యాంకు ఖాతాల వరకు ఆ పొగడ్త నిలుస్తుంది. బీన్‌కౌంట్ అనే ఉచిత పద్దుల ప్రోగ్రామ్‌లో సరిచూడటం, లోటు పూడ్చటం అనే రెండు పనులూ విడివిడిగా ఉంటాయి: "బ్యాలెన్స్" అని రాస్తే ఆ తేదీకి నిల్వ సరిపోయిందో లేదో చూసి, సరిపోకపోతే పొరపాటు చూపిస్తుంది, లోటు పూడ్చాలంటే "ప్యాడ్" అని వేరే రాయాలి. సరిచూడటాన్నీ పూడ్చటాన్నీ ఒకే బటన్‌కు అప్పగించడమే నాకు నచ్చనిది.

అయినా మానేయలేదు, ఎనిమిదేళ్ల పద్దులను మరో చోటికి తరలించే తీరిక నాకు లేదు. ఏటా కొని అలాగే ఉంచుకునేవారికి, విభజనలూ డివిడెండ్ కొనుగోళ్లూ లేనివారికి ఈ ఇబ్బంది ఎదురుకాకపోవచ్చు. పాత రికార్డులు దొరకని ఖాతాను కొత్తగా తెరిచేటప్పుడు ఆ బటన్ అవసరమే, కాకపోతే కొన్న ధరను అప్పుడే నింపాలి. నాకు మాత్రం అమ్మకాలు ఉన్నాయి. ఏడింటిలో అయిదు విప్పాను. మిగిలిన రెండూ ఒకే ఫండ్‌లో ఉన్నాయి, దాని 2018 స్టేట్‌మెంట్ కోసం అడిగాను.