ల్యాండ్ క్రూజరా, డిఫెండరా, రాంగ్లరా, ఫార్చ్యూనరా? మన రేగడికి, మన ఎండకు ఏది మేలు?

నల్లగొండ, పాలమూరు వైపు పెద్ద బడ్జెట్‌తో ఎస్‌యూవీ చూసేవాళ్లకు చివరికి నాలుగు పేర్లు మిగులుతాయి. టయోటా ల్యాండ్ క్రూజర్ 300 ఎక్స్‌షోరూమ్‌లోనే రెండు కోట్లు దాటుతుంది. ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110 కోటి చుట్టూ మొదలవుతుంది. జీప్ రాంగ్లర్ రూబికాన్ డెబ్బై లక్షల చుట్టూ, ఫార్చ్యూనర్ 4x4 ఆటోమేటిక్ రోడ్డెక్కేసరికి దాదాపు అర కోటి. ఇన్ని డబ్బులు పెట్టాక రెండే విషయాలు తేలాలి. బాయి కాడికి పోయి తిరిగి రావాలి, పదేళ్లు సతాయించకుండా ఉండాలి.

కాగితం మీద డిఫెండరే ముందుంటుంది. ఎయిర్ సస్పెన్షన్ పూర్తిగా లేపితే బండి పొట్ట కింద 291 మి.మీ. ఖాళీ వస్తుంది, 900 మి.మీ. లోతు నీళ్లలో నడవగలదు. ల్యాండ్ క్రూజర్‌కు, ఫార్చ్యూనర్‌కు నీటి లోతు 700 మి.మీ. మాత్రమే. బలంలో డిఫెండర్‌కు, ల్యాండ్ క్రూజర్‌కు పెద్ద తేడా లేదు. డిఫెండర్ డి300లో ఆరు సిలిండర్ల 3.0 లీటర్ డీజిల్ 650 ఎన్‌ఎం టార్క్ ఇస్తుంది, ల్యాండ్ క్రూజర్ 3.3 లీటర్ వి6 డీజిల్ 700 ఇస్తుంది. ఫార్చ్యూనర్ ఆటోమేటిక్‌ది 500, రాంగ్లర్ 2.0 టర్బో పెట్రోల్‌ది 400. పొలంబాటకు ఇందులో ఏదైనా ఎక్కువే.

మన దగ్గర బండి ఆగేది ఈ అంకెల దగ్గర కాదు, నల్లరేగడిలో. వాన పడ్డ రేగడి చేనులో నాలుగడుగులు వేస్తే చెప్పులకు మట్టి గడ్డకట్టి కాలు లేవదు, టైరుకూ అదే జరుగుతుంది. ఆ నేలలోని బంకమట్టి నీళ్లు పీల్చి ఉబ్బి, టైరు గాట్లలో ఇరుక్కుని రాలదు. గాట్లు పూడిపోయాక టైరు నున్నగా మారి తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం పొట్ట ఆనేదాకా దిగబడుతుంది. షోరూమ్ నుంచి రోడ్డు టైర్లతో వచ్చిన ల్యాండ్ క్రూజర్ కంటే, గాట్లు వెడల్పున్న మంచి ఆల్ టెరైన్ టైర్లు వేసిన ఫార్చ్యూనర్ ఇక్కడ ఎక్కువ దూరం పోతుంది. పెద్ద వాన తర్వాత ఒక రోజంతా ఎండ తగలనిచ్చి దిగడం అన్నిటికంటే మేలు. ఎర్ర చెల్క నేలల్లో ఈ బాధ తక్కువ, నీళ్లు త్వరగా ఇంకుతాయి.

ఇక్కడే డిఫరెన్షియల్ లాక్ (ఒక ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) విలువ తెలుస్తుంది. లాక్ లేని బండిలో ఒక చక్రం జారితే బలమంతా దాని దారే పడుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆ జారే చక్రానికి బ్రేకు వేసి బలాన్ని రెండోదానికి మళ్లిస్తుంది. కాసేపైతే ఇది బాగానే పనిచేస్తుంది, కానీ బురదలో ఎక్కువసేపు సాగితే బ్రేకులు వేడెక్కుతాయి. రూబికాన్‌లో ముందు, వెనుక ఇరుసులు రెండూ గట్టిగా లాకవుతాయి. ఫార్చ్యూనర్ 4x4లో వెనుకది లాకవుతుంది. బురదలోకి దిగాక కాదు, దిగకముందే నిదానంగా ఉన్నప్పుడు లాక్ వేయాలి. ఫార్చ్యూనర్ కొనేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. అది పార్ట్ టైమ్ 4x4, అంటే మామూలుగా వెనుక చక్రాలతోనే నడిచి, 4హెచ్ వేస్తే నాలుగు చక్రాలకూ బలం పోతుంది. కాబట్టి పొడి తారురోడ్డు మీద 4హెచ్‌లో నడపకూడదు. మలుపుల్లో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి, ఆ తేడా పోయే దారిలేక గేర్లు, షాఫ్టులు బిగుసుకుంటాయి. ల్యాండ్ క్రూజర్, డిఫెండర్ ఫుల్ టైమ్ కావడంతో వాటికి ఈ బెడద లేదు.

ఇసుకలో లెక్క వేరు. దుందుభి, డిండి, మూసీ వాగుల పొడి ఇసుకలో టైరు గాలిని 18 పీఎస్ఐ దాకా దించితే టైరు పొడవుగా పరుచుకుని తేలుతుంది. అందుకు టైరుకు ఎత్తైన గోడ ఉండాలి. రూబికాన్ 255/75 ఆర్17 టైరు గోడ 191 మి.మీ., ఫార్చ్యూనర్ 265/60 ఆర్18ది 159, డిఫెండర్ 255/60 ఆర్20ది 153, ల్యాండ్ క్రూజర్ 265/55 ఆర్20ది 146. గోడ తగ్గినకొద్దీ గాలి దించినప్పుడు రిమ్ము రాయికి తగిలే ప్రమాదం పెరుగుతుంది. కొనేటప్పుడే కంపెనీ అనుమతించే చిన్న రిమ్ముల సైజు అడగండి. గాలి దించాక గట్టిగా స్టీరింగ్ తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. తారురోడ్డు ఎక్కకముందే చిన్న కంప్రెసర్‌తో డోరు దగ్గరి స్టిక్కర్ మీదున్నంత గాలి మళ్లీ నింపాలి.

సాగర్ వెనుకజలాల దగ్గరి వైజాగ్ కాలనీ, శ్రీశైలం వెనుకజలాల దగ్గరి సోమశిల ఒడ్డుల్లో, ఎండాకాలం నీళ్లు తగ్గాక కనిపించే మైదానాన్ని నమ్మకండి. పైన పెచ్చులా ఎండి ఉంటుంది, కింద ఒండ్రు మెత్తగానే ఉంటుంది. రెండు టన్నులు దాటే ఈ నాలుగు బండ్లలో ఏదీ దాని మీద నిలవదు. దిగబడితే యాక్సిలరేటర్ వదిలేసి, చక్రాల ముందు తవ్వి, బల్లలు పెట్టండి. ట్రాక్టర్ పిలిస్తే గొలుసును కంపెనీ ఇచ్చిన కొక్కేనికే కట్టాలి, వెనుక ట్రాలీ తగిలించే బంతికి కాదు. ముందు వదులు తీసేసి మెల్లగా లాగాలి. వదులు గొలుసుతో గుంజితే తెగి మనుషుల ప్రాణం తీస్తుంది.

నీటి లోతు అంకెలన్నీ నిలిచిన నీళ్లకే. కాజ్‌వే మీద పారే వాగు రెండడుగులుంటే డిఫెండర్‌నైనా పక్కకు తోసేస్తుంది. 900, 700 తేడా చూసి వాగు దాటాలనుకోవద్దు.

నల్లమల కోసమే కొంటున్నామనేవాళ్లకు ఒక మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సొంత బండితో అడవిబాటల్లోకి పోనివ్వరు, శ్రీశైలం రోడ్డును కూడా మన్ననూరు దగ్గర రాత్రిపూట మూసేస్తారు. అక్కడ మీ బండి నడిచేది తారు మీదే. రాళ్లెక్కడమే సరదా అయితే, నల్లగొండ గుట్టల మధ్య సొంత భూమి ఉంటే, రాంగ్లర్‌ను మించింది లేదు. ముందు, వెనుక ఒకే ముక్కగా ఉండే ఇరుసులు, యాంటీరోల్ బార్‌ను (బండి పక్కకు ఒరగకుండా పట్టే కడ్డీని) బటన్‌తో విడదీసే వీలు వల్ల నాలుగు చక్రాలూ అంత తేలిగ్గా నేలను వదలవు. దాని బలహీనత కూడా ఆ ముందు ఇరుసులోనే ఉంది. ఇరుసును, స్టీరింగ్‌ను పట్టి ఉంచే ట్రాక్ బార్ బుష్షులు, టై రాడ్ కీళ్లు, స్టీరింగ్ డ్యాంపర్ అరిగితే హైవే మీద గుంత తగలగానే స్టీరింగ్ చేతిలో విపరీతంగా ఊగుతుంది. ఒక్క డ్యాంపర్ మార్చి ఊరుకుంటే మళ్లీ వస్తుంది, మిగతా కీళ్లూ చూపించాలి.

మన్నిక విషయంలో నా ఓటు టయోటాలకే. ఫార్చ్యూనర్, ల్యాండ్ క్రూజర్ రెండూ ఛాసిస్ మీద కట్టినవి, ఉక్కు స్ప్రింగులతో నడిచేవి. డిఫెండర్‌ది అల్యూమినియం మోనోకాక్, అంటే విడి ఛాసిస్ లేకుండా బాడీయే మొత్తం బరువు మోస్తుంది. గట్టిదే, కానీ దాని సౌకర్యమంతా ఎయిర్ సస్పెన్షన్ గాలి తిత్తుల మీద ఆధారపడింది. దుమ్ముకు, నల్లగొండ ఎండకు ఏళ్లు గడిచేకొద్దీ తిత్తి రబ్బరు మడతల్లో పగుళ్లు వస్తాయి. గాలి సన్నగా కారుతుంటే ఎత్తు నిలబెట్టడానికి కంప్రెసర్ ఊరకే తిరిగి తిరిగి కాలిపోతుంది. తిత్తే ఖరీదు, కంప్రెసర్ దాని మీద అదనం. పైగా బ్యాటరీ కాస్త బలహీనపడితే డిఫెండర్ తెర మీద సంబంధం లేని లోపాలు వరసగా కనిపించవచ్చు. స్కానర్‌తో వెతికే ముందు బ్యాటరీ వోల్టేజీ చూపించండి.

టయోటా మచ్చ లేనిదని కాదు. 2024 జనవరిలో డీజిల్ ఇంజిన్ల శక్తి పరీక్షల్లో అవకతవకలు బయటపడి ఇక్కడ కూడా ఫార్చ్యూనర్ సరఫరా కొన్నాళ్లు ఆపారు. అది ధ్రువీకరణకు సంబంధించిన తప్పు, మన్నికకు సంబంధించింది కాదు.

డీజిల్ బండ్లన్నిటికీ ఉమ్మడి శత్రువు చిన్న ప్రయాణాలు. ఇంటి నుంచి చేను దాకా నాలుగు కిలోమీటర్లు పోయి వస్తుంటే పొగ ఫిల్టర్‌లో మసి కాలదు. వారానికోసారి హైవే మీద ఇరవై, ముప్పై నిమిషాలు ఆగకుండా నడపాలి. ఆ మసి కాలడం మధ్యలో ఆగిపోతుంటే డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసి ఆయిల్ మట్టం పెరుగుతుంది, ఆయిల్ పలచనై బేరింగులు అరుగుతాయి. ఎక్కువగా ఊళ్లోనే తిరిగే వాళ్లకు రాంగ్లర్ పెట్రోల్ ఇంజిన్ ఈ ఒక్క విషయంలో నిశ్చింత. మిర్యాలగూడ మిల్లుల ఊక దుమ్ము, పత్తి చేల దూది రేడియేటర్ రెక్కల్లో చేరతాయి. వేసవికి ముందు లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టి కడిగించాలి.

కాబట్టి పొలం, ఊరు, హైవే మూడూ ఒక్క బండితోనే నడవాలంటే ఫార్చ్యూనర్ 4x4 కొని మంచి టైర్లు వేయండి. విడిభాగాలు ఏ పట్టణంలోనైనా దొరుకుతాయి, ఆ బండి పని తెలిసిన మెకానిక్ కూడా. డబ్బుకు వెనుకాడకుండా పదిహేనేళ్లు ఉంచుకునేవాళ్లకు ల్యాండ్ క్రూజర్. అయితే అది పూర్తిగా దిగుమతి బండి, అద్దం పగిలినా వారాలు ఆగాల్సి రావచ్చు. డిఫెండర్ హైదరాబాద్‌లో ఉంటూ, ఇంట్లో ఇంకో బండి ఉండి, వారంటీ పొడిగించుకునేవాళ్లకు. బండి ఆగిపోతే నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా సర్వీసుకు దాదాపు వంద కిలోమీటర్లు లారీ మీద పోవాల్సిందే.

వాడిన డిఫెండర్ చూస్తుంటే సాయంత్రం సమతల నేల మీద ఆపించి, నాలుగు చక్రాల నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. తెల్లారి బండి తాళం తీయకముందే మళ్లీ కొలవండి. ఒక మూల మిగతావాటికంటే కుంగితే, తిత్తి ధర, కంప్రెసర్ ధర రెండూ బేరంలోంచి తీసేయండి.