వృథా గడి ఉన్న ధ్యాన డైరీ: ఏడాది వాడిన తరువాత

2024 డిసెంబరు చివరి వారంలో నెల్లూరులోని ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో 240 రూపాయలు పెట్టి మరుసటి సంవత్సరపు ధ్యాన డైరీ కొన్నాను. రోజుకొక పుట. పుట తలభాగంలో ఆనాడు చదవవలసిన అధ్యాయాలు, వాటి కింద ప్రార్థన అంశాలకు నాలుగు గీతలు, ఆ తరువాత ఉదయం అయిదు నుంచి రాత్రి పది వరకు అరగంటకొక గడి, అన్నిటికంటే అడుగున ‘వృథా అయిన సమయం’ అని అచ్చువేసిన చిన్న గడి ఒకటి ఉన్నాయి. సమయాన్ని పోనివ్వక సద్వినియోగం చేసుకొమ్మని పౌలు ఎఫెసీయులకు రాసిన మాట అట్ట లోపలివైపు ముద్రించారు. ప్రచురించినవారి పేరు ఇక్కడ అనవసరం.

నేను కావలిలో ఉంటాను, ఉద్యోగం నెల్లూరులో. రోజూ రైలులో గడిచే గంటసేపే నాకు దొరికే ఏకాంతం, అదైనా కూర్చోవడానికి చోటు దొరికిన రోజున. డైరీ ఒళ్లో పట్టే కొలతలో ఉంది, అక్షరాలు పెద్దవి, కాబట్టి బిట్రగుంట దాటేలోపు ఆనాటి భాగం చదవడం చాలా రోజులు సాధ్యమైంది. కాగితం మాత్రం పలుచన. ఇంకు పెన్నుతో రాస్తే మరునాటి పుటలోకి దిగుతుంది. దారంతో కుట్టకుండా జిగురుతో అంటించినందువల్ల ఎండలు ముదిరేసరికి ఫిబ్రవరి పుటలన్నీ ఒక కట్టగా ఊడి చేతికి వచ్చాయి.

ఏడాదిలో బైబిలు పూర్తిచేయించే పట్టికే ఈ డైరీకి ముఖ్యమైన ఆకర్షణ. పాత నిబంధనలో 929, కొత్త నిబంధనలో 260, మొత్తం 1,189 అధ్యాయాలు; రోజుకు మూడు పైచిలుకు. పంచినవారు అధ్యాయాల సంఖ్య చూశారు గాని నిడివి చూడలేదు. రెండే వచనాలున్న 117వ కీర్తననూ, 176 వచనాలున్న 119వ కీర్తననూ, నడుమనున్న 118తో కలిపి ఒకే రోజుకు కట్టబెట్టారు. తప్పిపోయినవారు అందుకోవడానికి ఏడాది మొత్తంలో ఒక్క ఖాళీ రోజూ లేదు. జ్వరంతో నేను అయిదు రోజులు పడుకున్నాను, లేచేసరికి పదహారు అధ్యాయాల బాకీ. వడ్డీ ఒక్కటే తక్కువ! ఆదివారాలు విడిచిపెట్టినా రోజుకు నాలుగు అధ్యాయాలకు మించదు కనుక, ఆ వెసులుబాటు ఇవ్వడం పెద్ద కష్టమేమీ కాదు.

ఇక ఆ అడుగు గడి సంగతి. మొదటి నెల అది నాకు మేలే చేసింది. ఫోన్ చూస్తూ కూర్చున్న గంటలను నా చేత్తో నేనే రాసుకోవడం సిగ్గుగా ఉండేది, ఆ సిగ్గుతోనే కొంత మానుకున్నాను. అలవాటు ముదిరిన కొద్దీ, పట్టికలో లేనిదల్లా ఆ గడిలోకి చేరడం మొదలైంది. ఒక సాయంత్రం మా వదిన వచ్చింది. అన్నయ్య 58వ ఏట పోయాడు. ఏడాది కావస్తున్నందున జ్ఞాపకార్థ కూడిక ఏ రోజు పెట్టుకోవాలో మాట్లాడటానికి వచ్చి, ఆ మాట అయిపోయాక కూడా చాలాసేపు కూర్చుంది. ఆ రాత్రి నేను ‘వదిన, 40 ని.’ అని రాశాను. పది రోజుల తరువాత షామియానా అతని నంబరు కోసం ఆమే డైరీ తిప్పుతూ ఆ పుట దగ్గర ఆగింది. ‘‘ఏందయ్యా, నేనొచ్చింది వృథా కింద రాసుకున్నావా?’’ అని నవ్వుతూనే అడిగింది. నేను చెప్పిన సంజాయిషీ ఇక్కడ రాయదగినది కాదు.

లోపం రాసిన నాదే. అయితే ఆ గడి అచ్చువేసినవారు, అట్ట మీద తామే వేసిన వాక్యాన్ని సరిగా చదివినట్టు లేదు. అక్కడ పౌలు వాడిన గ్రీకు మాట ‘కైరొస్’, అంటే గడియారం కొలిచే కాలం కాదు, తగిన వేళ. క్రియాపదానికి అర్థం సంతలో వెల ఇచ్చి కొనుక్కోవడం. తుమ్మలపెంట తీరంలో పడవలు ఒడ్డుకు చేరిన వేళ అక్కడున్నవాడికే మంచి చేప దొరుకుతుంది. పదింటికి వెళ్లినవాడు ఎన్ని నిమిషాలు లెక్కపెట్టుకున్నా ప్రయోజనం లేదు. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉండగా, పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కోసం ఆమె ఇంటికి వెళ్తున్న యేసు దారిలో ఆగిపోయాడు. ఆ ఆలస్యాన్ని ఈ డైరీ ఎక్కడ రాయమంటుంది?

మన జిల్లా కథే చూడవచ్చు. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరుకు వచ్చి మిషన్ పని మొదలుపెట్టింది 1840లో. ఫలితం లేదని 1853లో అమెరికాలోని బాప్తిస్టులు దాన్ని మూసివేయాలా అని చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అదే మిషన్‌కు చెందిన లైమన్ జ్యూయెట్ మరికొందరితో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించాడు. ఆ తరువాత ఇరవై నాలుగేళ్లకు, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1853లో ఎవరైనా ఈ డైరీ నింపి ఉంటే నెల్లూరు పదమూడేళ్లూ అడుగు గడిలోనే ఉండేవి.

మనిషి ఆయుష్షు డెబ్బై, బలముంటే ఎనభై అని మోషే ప్రార్థనగా చెప్పే 90వ కీర్తన అంటుంది. డెబ్బై ఏళ్లంటే 25,500 పైచిలుకు రోజులు. ఆ లెక్క ఎవరైనా వేయగలరు. దినాలు లెక్కించడం నేర్పమని మోషే దేవుణ్ణి అడుగుతున్నాడంటే, అది కూడికల లెక్క కాదనే నేను అర్థం చేసుకున్నాను.

బైబిలు క్రమంగా చదివే అలవాటు ఇంకా కుదరనివారికి ఈ డైరీ నిస్సందేహంగా ఉపయోగపడుతుంది. అప్పటికే పనిభారంతో, అపరాధభావంతో సతమతమయ్యేవారికి నేను కొనిపెట్టను. షాపతనికి మాత్రం కుట్టు బైండింగు గురించీ, ఖాళీ రోజుల గురించీ చెప్పి వచ్చాను; అడుగు గడి గురించి చెప్పబోతే, ‘‘అదుండబట్టే ఎక్కువమంది కొంటున్నారు సార్’’ అన్నాడు.

2026కి కొత్తది కొనలేదు. డిసెంబరు 31 నాటికి నేను పాత నిబంధన చివరి భాగంలోని మీకా గ్రంథం దగ్గరే ఉన్నాను. పాత డైరీలోనే తేదీలు కొట్టివేసి అక్కడినుంచి చదువుతున్నాను, ఊడిన పుటలకు మా వదిన రబ్బరు బ్యాండు వేసి ఇచ్చింది.