బంప్ స్టాప్ మారుస్తున్నారా: ఫోమ్ వేయించాలా, హైడ్రాలిక్ వేయించాలా?

టొయోటా టకోమా లాంటి ట్రక్‌తో ఆఫ్‌రోడ్‌కి వెళ్లేవాళ్లు బండి ఎత్తు పెంచే లిఫ్ట్‌కి, టైర్లకి, షాక్ అబ్జార్బర్లకి బోలెడు ఖర్చు పెట్టి బంప్ స్టాప్‌ని మాత్రం పట్టించుకోరు. గుంతలో పడి సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు ఇనుముకి ఇనుము తగలకుండా ఆపేది అదే కదా!

మైక్రోసెల్యులర్ ఫోమ్‌లో సన్నటి గాలి గదులు ఉంటాయి కాబట్టి మొదట మెత్తగా నొక్కుకుని, పోనుపోను గట్టిపడుతుంది. గట్టి పాలీయురేథేన్ (రబ్బరు లాంటి ప్లాస్టిక్) స్టాప్‌లా ఒక్కసారిగా కుదిపేయదు. పాతది విప్పి బిగించుకుంటే చాలు, తర్వాత మెయింటెనెన్స్ దాదాపు ఉండదు.

హైడ్రాలిక్‌ది వేరే లెక్క. అది నిజానికి నూనె, నైట్రోజన్ నింపిన చిన్న షాక్ అబ్జార్బర్, సాధారణంగా 2 నుంచి 4 అంగుళాల స్ట్రోక్‌తో (లోపలికి నొక్కుకునే దూరంతో) వస్తుంది. దెబ్బ ఎంత వేగంగా తగిలితే అంత బలంగా ఎదురు నిలుస్తుంది, పైగా బండి తిరిగి పైకి లేచేటప్పుడు కూడా అదుపు చేస్తుంది, ఆ పని ఫోమ్ ఇంత బాగా చేయలేదు. కానీ చాలా బండ్లకి ఫ్రేమ్ మీద వెల్డింగ్ చేయించాలి, సీళ్లు అరుగుతాయి, నైట్రోజన్ ఒత్తిడి చూసుకుంటూ ఉండాలి. ఖరీదూ బాగా ఎక్కువే.

ఎడారిలో స్పీడుగా ఎగిరి దూకించే బండికైతే హైడ్రాలికే వేయించండి. రాళ్ల మీద నెమ్మదిగా పాకే బండికి, క్యాంపింగ్ సామాను మోసే బండికి మాత్రం నా ఓటు ఫోమ్‌కే.

ఏది కొన్నా, ముందు మెకానిక్ చేత స్ప్రింగ్ తీయించి, చక్రాన్ని జాక్‌తో పూర్తిగా పైకి ఎత్తించి చూడండి. షాక్ అబ్జార్బర్ చివరిదాకా నొక్కుకుపోకముందే, టైరు ఫెండర్‌కి (చక్రం పైనుండే రేకుకి) తగలకముందే బంప్ స్టాప్ ఆపాలి.